ప్రేమానందం గ్యారేజీ ప్రార్థన

సైకిలు మీద నన్ను దాటి ముందుకు పోయిన మనిషి అమెరికాలో మా ఊరు ప్లెయిన్స్‌బరోలో ఇంతవరకూ లేడు. డెబ్భై నాలుగేళ్ళ వయసులో చెబుతున్నాను, అనుమానముంటే కాలవగట్టు మీద రోజూ తిరిగేవాళ్ళను అడగండి. కాబట్టి సైకిలు తొక్కేవాడి కష్టం గురించి రాయడానికి నాకున్న హక్కు మరొకరికి లేదు. ఇక విషయానికొస్తాను.

మార్చి ఆఖరి శనివారం ఉదయం ప్రేమానందం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి బయల్దేరి, కాలవగట్టు దారిలో పన్నెండు మైళ్ళు తొక్కి, ఎనిమిదికల్లా ఇంటికొచ్చి భార్య దెబోరా వేసే పెసరట్లు తినాలి. నవంబరు ఆఖర్లో థాంక్స్‌గివింగ్ పండక్కి ముందు అదే దారిని అతను యాభై అయిదు నిమిషాల్లో పూర్తి చేసేవాడు. తర్వాత మంచు పడింది. సైకిలు గ్యారేజీలో స్టాండు ఎక్కింది. వెనక చక్రం ఉన్నచోటే తిరిగే స్టాండది. "చలికాలమంతా ఇంట్లోనే తొక్కుతా" అని క్రిస్మస్ విందులో అందరి ముందూ ప్రకటించాడు గాని, దాని మీద అతను కూర్చున్నది రెండుసార్లే. రెండోసారి ఫోటో కోసం.

ఆ నీలం సైకిలు, అమెరికా వచ్చాక అతను ఎవర్నీ అడక్కుండా కొనుక్కున్న ఒకే ఒక వస్తువు. గ్యారేజీలో అది ఉన్న మూల మీద దెబోరాకు ఎప్పట్నించో కన్నుంది. అక్కడ పెద్ద ఫ్రీజర్ పెట్టి ఏడాదికి సరిపడా గోంగూర, చేపలు దాచాలని ఆమె కోరిక. క్రిస్మస్ రోజునే ఆమె తమ్ముడు షాలేం రాజు మధ్యవర్తిగా కూర్చుని తీర్పు చెప్పాడు. ఏప్రిల్ ఆఖరి శనివారం చర్చివాళ్ళ సైకిల్ రైడ్, ఇరవై అయిదు మైళ్ళు. బావ దాన్ని పూర్తి చేస్తే సైకిలు ఉంటుంది, చేయకపోతే రాజు దాన్ని తన ఇంటికి పట్టుకుపోతాడు. అప్పుడు బావ నవ్వుతూ ఒప్పుకున్నాడు.

ఆ శనివారం నాలుగో మైలు దగ్గర నవ్వు ఆగింది. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి, తొడలు మండుతున్నాయి. బిడ్డను తోపుడుబండిలో కూర్చోబెట్టుకుని పరిగెత్తుతున్న ఒక తల్లి అతన్ని దాటిపోయింది. బండిలోని పసిబిడ్డ వెనక్కి తిరిగి చూసి, జాలిపడి, తన పాలసీసా ఇవ్వబోయింది. ఇంటికి చేరేసరికి తొమ్మిది దాటింది.

"గంటన్నారు, రెండు గంటలైంది. పెసరట్టు చెప్పులా అయిపోయిందండీ," అంది దెబోరా.

"ముందు ఇది చెప్పు. నా సైకిలు ఎవరు ముట్టుకున్నారు?"

"నాలుగు నెలల్నించీ మీరే ముట్టుకోలేదు. ఇంకెవరు ముట్టుకుంటారు?"

ప్రేమానందం మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాడు. మాత్ర మీద చిన్న గీత కనిపిస్తే అది ఎవరి గోరో తేలేదాకా వదలడు. అడిగిన దానికి భార్య జవాబు చెప్పకుండా ఎదురు ప్రశ్న వేసిందని మనసులో రాసుకున్నాడు.

స్కూల్లో పరుగుపందేలాడే కూతురు అబిగేల్ సంగతి తేల్చేసింది. "సైకిల్ ప్రాబ్లం కాదు డాడీ. నువ్వు వింటర్ అంతా కౌచ్ మీద ఉన్నావ్. ఫిట్‌నెస్ వెళ్ళిపోయింది."

"ఎక్కడికెళ్ళింది?"

"నాట్ ఫన్నీ. స్లోగా స్టార్ట్ చెయ్యాలి. తొక్కేటప్పుడు ఫుల్ సెంటెన్స్ మాట్లాడాలి. మాట్లాడలేకపోతే టూ హార్డ్ అన్నట్టు."

కూతురు ఎవరి పక్షమో అతనికి అర్థం కాలేదు. గ్యారేజీకి వెళ్ళి టార్చి వేసి సైకిలంతా వెతికాడు. దొరికింది! సీటు గొట్టానికి గుర్తుగా తను చుట్టిన నల్లటేపు కనబడడం లేదు. సీటు సరిగ్గా రెండంగుళాలు కిందికి దిగి, టేపు లోపలికి పోయింది. దించందే సీటు తనంతట తాను దిగదు. పైకెత్తి బిగించాడు. సోమవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చూస్తే మళ్ళీ రెండంగుళాలు కిందుంది. మళ్ళీ ఎత్తాడు. మంగళవారం మళ్ళీ దిగింది. సీటెత్తి తొక్కినా పన్నెండు మైళ్ళకు మూడు నిమిషాలే తగ్గాయి. దాన్నిబట్టి దొంగ సీటుతో ఆగలేదని, ఇంకా ఏదో చేశాడని ప్రేమానందం తేల్చుకున్నాడు.

అనుమానం మొదట దెబోరా మీదికి, అక్కణ్నించి షాలేం రాజు మీదికి వెళ్ళింది. ఇంటి తాళంచెవి ఒకటి రాజు దగ్గరుంది. నిఘా పెట్టక తప్పదు. గురువారం తెల్లవారుజామున అయిదున్నరకు దెబోరా పాత ఫోనొకటి తీసి, శబ్దం తగ్గించి, గ్యారేజీలో సోనామసూరి బస్తాల మధ్య దాచాడు. అందులో వీడియో మీటింగ్ ఒకటి తెరిచి ఉంచితే ఆఫీసు నుంచి చూడొచ్చని అతని ఎత్తు. తెరమీద అన్నిటికన్నా పైనున్న మీటింగ్ నొక్కాడు. అది దెబోరా రోజూ వెళ్ళేది. చర్చివాళ్ళ ఉదయకాల ప్రార్థన.

నలభై ఒక్క కుటుంబాలు కళ్ళు మూసుకుని ఉన్నాయి. ఫోను బస్తా మీదికి ఒరిగిపోయింది కాబట్టి తెరమీద చీకటి తప్ప ఏమీ లేదు. గొంతు మాత్రం స్పష్టంగా వినిపించింది. కూతురు చెప్పినట్టు ప్రేమానందం స్టాండు మీద తొక్కుతూ, పూర్తి వాక్యాలు మాట్లాడుతున్నాడు. దొంగతో మాట్లాడుతున్నాడు.

"నువ్వెవరో నాకు తెలుసు... నేను పైకెత్తుతాను... నువ్వు కిందికి దించుతావు. అబ్బా! నా ఇంట్లోనే దూరావు కదూ... నేను బయటికెళ్ళగానే... నీ పని మొదలెడతావు. అబ్బా! ఇవాళ్టితో నీ ఆట కట్టు!"

తెలుగు క్రైస్తవులకు 'అబ్బా' అంటే నొప్పి ఒక్కటే కాదు, ప్రార్థనలో తండ్రిని పిలిచే పిలుపు కూడా. అతను "అబ్బా" అన్నప్పుడల్లా పెద్దావిడ సామ్రాజ్యమ్మగారు ఏడుస్తూ "తండ్రీ!" అని పూర్తిచేసింది. సాతానుతో ఇంత ముఖాముఖి పోరాడిన మనిషిని తన పాతికేళ్ళ పరిచర్యలో చూడలేదని పాస్టర్‌గారు అన్నారు. ముప్ఫై నిమిషాలు ఎవరూ కదల్లేదు. మేడమీద తన లాప్‌టాప్ ముందు కూర్చున్న దెబోరా మాత్రం దిండులో మొహం దాచుకుంది. ఏడుస్తోందని అందరూ అనుకున్నారు.

ఆ రోజు ఆఫీసు నుంచి చూస్తే ప్రేమానందానికి బస్తా మీది అక్షరాలు కూడా కనబడలేదు. ప్రార్థన అయ్యాక పాస్టర్‌గారు మీటింగ్ మూసేశారు మరి. ఆదివారం చర్చిలో అడుగుపెట్టేసరికి అందరూ లేచి దారిచ్చారు.  సామ్రాజ్యమ్మగారు చెయ్యి పట్టుకుంది.

"ఇంకా దించుతున్నాడా నాయనా?"

"ఎవరు?"

"ఇంకెవడు, వాడే."

"వాడెవడో మీకూ తెలుసా?"

"తెలియకపోవడమేంటి, మా ఇంట్లోనూ దూరాడు!"

"మీ ఇంట్లోనూ సైకిలుందా అండీ?"

ఆమె ఆ మాట పట్టించుకోకుండా అతని తల నిమిరింది. చర్చి మొత్తం కుట్రలో ఉందని ప్రేమానందానికి ఖాయమైపోయింది. ఇంతలో పాస్టర్‌గారు మైకులో, "మన బ్రదర్ ప్రేమానందం గారు వచ్చి రెండు నిమిషాలు సాక్ష్యం చెబుతారు," అన్నారు. చర్చిలో సాక్ష్యమంటే దేవుడు చేసిన మేలు చెప్పుకోవడం, కానీ ఆ మాట వినగానే అతను కంపెనీ విచారణలో నిలబడ్డట్టు నిటారుగా వెళ్ళి మైకందుకున్నాడు.

"నా సీటు దించుతున్న మనిషి ఈ హాల్లోనే ఉన్నారు. ఆధారాలు నా దగ్గరున్నాయి. తమంతట తాము లేచి ఒప్పుకుంటే క్షమిస్తాను."

 మూడు వారాల్లో చర్చి కమిటీ ఎన్నికలున్నాయి. రెండో వరసలోంచి సెక్రటరీగారు చెమటలు తుడుచుకుంటూ లేచారు.

"నేనే బ్రదర్. కమిటీ లిస్టులో మీ సీటు నాలుగోది. మా తోడల్లుణ్ణి అక్కడ పెట్టి మిమ్మల్ని తొమ్మిదికి దించాను. క్షమించండి."

"మీరా! గ్యారేజీలోకి ఎలా వచ్చారు?"

"గ్యారేజీ ఏంటి బ్రదర్?"

వీళ్ళిద్దరూ ఇంకా మాట్లాడుకుంటే ఏమవుతుందోనని పాస్టర్‌గారు గబగబా మధ్యలోకొచ్చి ఇద్దర్నీ కౌగిలింపజేశారు. జరిగిన అన్యాయానికి పరిహారంగా రైడ్‌కి ప్రేమానందమే కెప్టెన్ అని ప్రకటించారు. పసుపుపచ్చ జాకెట్ తొడిగారు. ఇరవై అయిదు మైళ్ళూ అందరికన్నా ముందు అతనే నడిపించాలి. మూడో వరసలో దెబోరా పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకోవడం అతను గమనించాడు. అదీ మనసులో రాసుకున్నాడు.

రైడ్ రోజు రానే వచ్చింది. వెనకాల అరటిపళ్ళు, పులిహోర వేసుకుని షాలేం రాజు వ్యాన్ నడుపుతున్నాడు. పక్క సీట్లో దెబోరా, వెనక సీట్లో పులిహోర గిన్నె పడకుండా పట్టుకుని నేను. మొదట్లో ఏదో గొప్ప చెప్పుకున్నాను కదా, దాని అసలు సంగతి ఇక్కడ చెప్పడమే మంచిది. నేను సైకిలెక్కి ముప్ఫై ఏళ్ళయింది. ఎక్కనివాణ్ణి దాటడం ఎవరి తరం?

ప్రేమానందం కెప్టెన్ కాబట్టి కెప్టెన్ లాగే బయల్దేరాడు. మెల్లగా మొదలెట్టమన్న కూతురి మాట రెండో మైలు దగ్గర జాకెట్‌తో పాటు ఎగిరిపోయింది. ఎనిమిదో మైలు దగ్గర పిక్క పట్టేసింది. గట్టుమీద కాళ్ళు బారజాపి కూర్చున్నాడు. సామ్రాజ్యమ్మగారి మనవరాలు మూడు చక్రాల సైకిలు మీద "హాయ్ అంకుల్" అని చెప్పి వెళ్ళిపోయింది.

షాలేం రాజు దిగి పరీక్షగా చూశాడు. "బావా, ఇంకా పదిహేడు మైళ్ళుంది. లేవగలవా?"

ప్రేమానందం నోరు తెరిచాడు. పూర్తి వాక్యం కాదు కదా, ఒక అక్షరం కూడా రాలేదు. సైకిలు పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు.

"అయితే సైకిల్ వ్యాన్‌లో ఎక్కిస్తా. మాట మాటే."

అప్పుడు దెబోరా దిగింది. చున్నీ నడుముకు చుట్టింది. భర్త తలమీది హెల్మెట్ తీసి తను పెట్టుకుంది. సీటు కింద మర వదులు చేసి, కనీసం అటు చూడకుండా, సీటును టక్కున కిందికి నొక్కి బిగించింది. సరిగ్గా రెండంగుళాలు.

ప్రేమానందం టేపు ఉండాల్సిన చోటు చూశాడు. భార్య చెయ్యి చూశాడు. "నువ్వా?"

"జనవరి నించీ. డాక్టర్ షుగర్ బోర్డర్‌లో ఉందన్నాడు. మీరు ఆఫీస్‌కి వెళ్ళగానే గంటసేపు స్టాండు మీద తొక్కుతున్నా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే కోచింగ్ మొదలెడతారని. ముందు మీరు మళ్ళీ ఎక్కుతారనుకోలేదండీ, అందుకే సీటు ఎత్తలేదు. తర్వాత మీ విచారణ సరదాగా ఉండి దించేదాన్ని." అతను ఇంకేదైనా అడిగేలోగా ఆమె మలుపు తిరిగిపోయింది.

నిజం చెప్పొద్దూ, ప్రేమానందాన్ని ఎక్కించుకున్న వ్యాన్ ఆమెను అందుకోడానికి కష్టపడింది. పదిహేనో మైలు దగ్గర సెక్రటరీగారిని దాటింది. పద్దెనిమిది దగ్గర పాస్టర్‌గారిని దాటుతూ "వందనాలండీ" అంది, ఆయన బదులు చెప్పేసరికి వినబడనంత దూరంలో ఉంది. చర్చి పార్కింగ్‌లో గీసిన ముగింపు గీతను అందరికన్నా ముందు దాటింది. అప్పుడు అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టినవాడు ప్రేమానందం.

చప్పట్లు ఆగాక షాలేం రాజు వ్యాన్ వెనక తలుపు తెరిచాడు. "అక్కా, బావ పూర్తి చెయ్యలేదు కాబట్టి మాట ప్రకారం సైకిల్ నేను పట్టుకుపోతున్నా."

"ఒరేయ్, నా సైకిల్ మీద చెయ్యి వేశావంటే చూడు!"

'నా' అన్న మాట ప్రేమానందం విన్నాడు. సైకిలు దక్కినందుకు సంతోషించాలో, పోయినందుకు ఏడవాలో అతనికి తెలియలేదు. ఆశగా అడిగాడు. "అయితే ఇంక ఫ్రీజర్ అక్కర్లేదు కదా?"

"ఎందుకక్కర్లేదు? సోమవారం వస్తోంది. మీ కారు బయట పెట్టుకోండి."

ఇందులో నేను కల్పించింది ఒక్కటే, ప్రేమానందం కొట్టిన చప్పట్లు. అతని రెండు చేతుల్లోనూ అరటిపళ్ళున్నాయి.