మా బావగారి కొండబండి, నా రాయి

మీ కుటుంబం పదికాలాల పాటు కలిసిమెలిసి ఉండాలంటే వెంటనే ఒక సెకండ్ హ్యాండ్ లగ్జరీ జీపు కొనండి. కొత్తది వద్దు. కొత్తది నడుస్తుంది. నడిచే బండి ఉన్న ఇంట్లో ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతారు. ఆగిపోయిన బండి చుట్టూ అయితే ఇంటిల్లిపాదీ ఒకచోట చేరతారు.

నమ్మరా? అయితే మా బావగారి సంగతి వినండి.

బావగారిది కళ్లజోళ్ల షాపు. ఊళ్లో సగం మంది కళ్లు పరీక్షించిన మనిషి. మా అక్క పెళ్లయిన కొత్తలో ఆయన్ని ఒకే ఒక్క కోరిక కోరింది. మా డాబా మీంచి కనిపించే కొండ ఎక్కి, మబ్బుల్ని పైనుంచి కిందికి చూడాలని. ఇరవై ఆరేళ్లు గడిచినా ఆ కోరిక అలాగే ఉండిపోయింది. మూడేళ్ల కిందట బావగారికి ఉన్నట్టుండి పౌరుషం వచ్చి, ఎంతటి కొండనైనా ఎక్కేస్తుందని పేరున్న విదేశీ జీపు ఒకటి కొన్నారు. ఎవరో పెద్దమనిషి ఏడేళ్లు వాడి వదిలించుకున్న బండి. చిన్న కారు ధరకే వచ్చిందని ఆయన ఒకటే సంబరం. దాని కింద మడుగు కట్టిన ఆయిల్ మాత్రం అంతటి కళ్లజోళ్ల నిపుణుడి కంటికీ ఆనలేదు.

ఆ రోజు నుంచి మా జీవితాలు ఎంత మెరుగయ్యాయో చెప్పమంటారా?

ఈ బండికి స్ప్రింగులుండవు, గాలితో నిండే తిత్తులుంటాయి. వాటిలో ఒకటి కారుతుంది. ఉదయం లేచి చూస్తే బండి ఒకపక్కకి ఒరిగి, చెవిలో నీళ్లు పోయినవాడిలా ఉంటుంది. రోజూ దాన్ని చూసి చూసి, తమ కళ్లకే ఏదో అయిందని బెంగపడి ఎదురింటి టీచరూ పక్కింటి టైలరూ బావగారి షాపుకొచ్చి పరీక్ష చేయించుకున్నారు. ఇద్దరికీ కళ్లజోళ్లు అమ్మేశారు. కొత్త బండి మీ వ్యాపారానికి ఇంత సాయం చేస్తుందా?

వానొస్తే పైన అద్దం నుంచి నీళ్లు కారతాయి. కాబట్టి అక్క కారులో గొడుగు వేసుకుని కూర్చుంటుంది. గొడుగు కింద ఇద్దరు పట్టాలంటే దగ్గరికి జరగాలి కదా? పాతికేళ్ల కాపురంలో వాళ్లంత దగ్గరగా కూర్చోగా నేను చూడలేదు!

ఇక మెకానిక్. అతను బిల్లు ఇచ్చే పద్ధతి చూసి తీరాలి. ముందు కుర్చీ వేస్తాడు. తర్వాత మంచినీళ్లిస్తాడు. "సార్, ఇంట్లో అంతా బాగున్నారా" అంటాడు. ఆ తర్వాతే కాగితం చేతిలో పెడతాడు. పార్టు అడిగితే "ఓడలో వస్తోంది సార్" అంటాడు. ఊరు దాటి ఎరగని మా బావగారు ఇప్పుడు ఏ సముద్రంలో ఏ తుఫాను ఉందో గడగడా చెప్తారు. ఇదంతా లోకజ్ఞానం కాదా?

హ్యాండ్‌బ్రేకు కథ వేరు. అది ఒక బటన్. నొక్కితే టక్కుమంటుంది, అంతకుమించి ఏమీ చేయదు. అందుకని బండి ఎక్కడ ఆగినా వెనక చక్రం కింద ఒక రాయి పెట్టాలి. పెట్టడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషిని నేను. మూడేళ్లుగా వెనక సీట్లో, ఒళ్లో రాయితో, బావమరిది హోదాలో ప్రయాణిస్తున్నాను. ఒకసారి నేను వేరే రాయి తెస్తే బావగారు చిన్నబుచ్చుకున్నారు. "అది మన బండికి సెట్టయిన రాయి కాదోయ్" అన్నారు.

ఇన్ని సద్గుణాలున్న బండి కొండెక్కే ముహూర్తం పోయిన ఆదివారం కుదిరింది.

ఇక్కడొక ముఖ్య విషయం. మీటర్ల మధ్య ఇంజన్ బొమ్మ ఉన్న పసుపు లైటు ఒకటి, బండి కొన్న రోజు నుంచీ వెలుగుతూనే ఉంది. "అది ఊరికే వెలుగుతుంది సార్, చూడకండి" అన్నాడు మెకానిక్. చూడకుండా ఉండటానికి బావగారి దగ్గర సరంజామా ఉంది కదా! కంటి పరీక్షలో ఒక కన్ను మూయడానికి అంటించే నల్ల పట్టీ తెచ్చి లైటు మీద అంటించేశారు. పట్టీ కాస్త వెడల్పు. పక్కనే ఉన్న ఎర్ర లైటు కూడా దాని కిందికి వెళ్లింది. అది ఇంజన్ వేడెక్కితే చెప్పే లైటని మాకు పదకొండో మలుపు దగ్గర తెలిసింది.

ముందు పొగ వచ్చింది. "మబ్బులు మొదలయ్యాయండీ" అని అక్క మురిసిపోయింది. తర్వాత బండి ఆగింది. నేను దూకి రాయి పెట్టాను. బావగారు పట్టీ పీకి చూసి, ఎర్రగా వెలుగుతున్న లైటుని చూసి, మా ఎవరి మొహమూ చూడలేక లోయకేసి చూస్తూ నిలబడిపోయారు. అక్క గొడుగు మడిచి ఒళ్లో పెట్టుకుంది. ఇరవై ఆరేళ్ల కోరిక మరో తొమ్మిది మలుపుల దూరంలో ఆగిపోతే మనిషికి ఎలా ఉంటుంది? నేను చక్రం కింద రాయిని ఇంకాస్త లోపలికి తోశాను.

ఫోన్ చేసిన రెండు గంటలకి బండ్లు మోసుకెళ్లే లారీ వచ్చింది. జీపుని వీపు మీదికి ఎక్కించుకున్నాక దాని డ్రైవరు రోడ్డు అటూ ఇటూ చూసి పెదవి విరిచాడు.

"ఇక్కడ తిరగదు సార్. కొండ మీదికెళ్లి తిప్పుకుని రావాల్సిందే. ముందు సీట్లో ఇద్దరికే చోటుంది."

ఆ ఇద్దరూ ఎవరో వేరే చెప్పాలా? అక్క లారీలో దర్జాగా కొండెక్కింది. పైన నిలబడి మబ్బుల్ని పైనుంచి కిందికి చూసింది. కళ్లు తుడుచుకుందట. బావగారు లారీ మీదున్న జీపుని చూపించి, "ఎక్కిందా లేదా" అన్నారట. మాట తప్పిన మనిషి కాదు!

దిగేటప్పుడు అక్క కిటికీలోంచి నాకు చెయ్యూపింది. లారీ ఆగలేదు. నేను కూరగాయల వ్యాన్‌లో, టమాటా బుట్టల మధ్య, ఒళ్లో రాయితో ఇల్లు చేరాను.

"బండి అమ్మేద్దామా" అన్నారు బావగారు ఆ సాయంత్రం, కొంచెం సిగ్గుపడి.

"అమ్మితే నన్ను కొండెవరు ఎక్కిస్తారు?" అంది అక్క. "వచ్చే ఆదివారం మళ్లీ వెళ్దాం. లారీ అతనికి చెప్పి ఉంచాను. పదకొండో మలుపు దగ్గరికి పదిన్నరకల్లా రమ్మన్నాను. ఈసారి లారీలో నాతో తమ్ముడొస్తాడు. రాయి దగ్గర మీరుండండి."

నా మనసు మబ్బుల్లో తేలిపోయింది. నేను కూడా ఆ కొండని చిన్నప్పటి నుంచీ అదే డాబా మీంచి చూస్తున్నవాణ్ణే. నన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు, అంతే.

కానీ బావగారి పౌరుషం మళ్లీ మేలుకుంది. మర్నాడే బండిని మెకానిక్ దగ్గర దింపి, మూడేళ్ల రోగాలన్నీ ఒకేసారి బాగుచేయమన్నారు. మెకానిక్ ఈసారి రెండు కుర్చీలు వేశాడు. నిన్న ఫోన్ చేశాడు.

"అంతా అయిపోయింది సార్. ఇంక ఎక్కడా ఆగదు, నేరుగా కొండ మీదికే వెళ్తుంది. హ్యాండ్‌బ్రేకు ఒక్కటే. పార్టు ఓడలో ఉంది."

కొండ మీద కార్లు ఆపే చోటు ఏటవాలుగా ఉంటుందట. మబ్బులు కనిపించేది అటువైపు, గోడ దాటాక. అంటే మిగతావాళ్లు అటు వెళ్తే, రాయి జారకుండా చూస్తూ బండి దగ్గర ఒకరుండాలి. ఆ రాయి ఎవరి ఒళ్లో ప్రయాణిస్తుందో మీకు తెలుసు.

కాబట్టి పాఠక మహాశయులారా, నా మాట విని సెకండ్ హ్యాండ్ లగ్జరీ జీపు కొనండి. మా బావగారిదే కొనండి. శనివారం లోపు వచ్చి తీసుకెళ్లండి. రాయి ఉచితం.