మైనపు చక్రంపై మక్షిక దండయాత్ర

మధ్యాహ్న మార్తాండుడు రేకుల కప్పుపై నిప్పులు చెరుగుచుండగా, కొలిమి సింహనాదము చేయుచుండగా, ఆ ఫౌండ్రీ మొత్తమున చల్లగా నున్న ఏకైక గదియందు, మైనం మేస్త్రీ అను మహావీరుడు పంపుచక్రపు మైనపు నమూనాను చేతబూని పింగాణి జావ తొట్టి ఎదుట నిలిచెను.

ఆ మైనమును జావలో ముంచి, ఇసుక చల్లి, పొరపై పొరగా పెంకు కట్టి కాల్చినచో మైనము కరిగి కారిపోవును. మిగిలిన బోలులో ఉక్కు పోయుదురు. ఈ కొత్త విద్య ఈ చక్రముతో నెగ్గవలెను, లేదా యజమానురాలు గదికి తాళము వేయించి మేస్త్రీని ఇసుక అచ్చుల పెద్దమేస్త్రీ కింద పడవేయును. ఆ పెద్దమేస్త్రీ సాక్షాత్తు అతని అక్క మొగుడు. మైనంతో బొమ్మలు చేసుకొమ్మని ప్రతి భోజనమునా దెప్పువాడు. ఉన్నదా, ఈ ఒక్క మైనమే. దాని అచ్చు రిపేరుకు పోయినది.

అంతట నీలహరితకవచధారిణి, ఝుంకారభీకర, దుర్నివార యగు ఒక ఈగ ఎచటినుండియో వచ్చి చక్రముపై వాలెను. అట్లే ముంచినచో ఈగయు ఉక్కుగా మారి చిరంజీవి యగును. కొట్టినచో మైనము విరుగును. తలుపు తెరచినచో ఎండ తగిలి వంగును. మందు చల్లినచో జావ అంటదు. ఓసి షట్పాదాధమురాలా, నా అన్నముపై ఎన్ని మార్లు వాలితివి, సహించితిని. నా పరువుపై వాలుదువా, అని వీరుడు మనసున గర్జించి, పైకి మాత్రం బతిమాలెను.

"దిగవే తల్లీ, నీకు దండం పెడతాను."

ఈగ కాళ్లు రుద్దుకొనెను. ఊదగా లేచెను, లేచి మరల వాలెను. తుదకు వీరుడు గుక్కెడైన తాగని తన టీ గ్లాసును, చక్కెర దండిగా వేయించుకొన్న దానిని, బల్లపై సమర్పించెను. ఈగ గ్లాసు లోపలి అంచుపై వాలినదే తడవుగా గ్లాసుపై సాసరు బోర్లించి, చక్రమును జావలో ముంచెను. ఆ తొందరలో బొటనవేలు మైనమున నొక్కుకొన్న సంగతి అతడెరుగడు.

పెంకు ఆరి, మైనము కరిగి, ఉక్కు పోసి చల్లారిన పిదప, పెంకు పగులగొట్టిన నాడు ఆ మచ్చను ముందుగా చూచినవాడు బావయే. మీసము దువ్వుచు చూపెను.

యజమానురాలు భూతద్దము తెప్పించి చూచి అడిగెను: "ఇవి నీ వేలి గీతలే కదూ?"

మేస్త్రీ తలవంచెను. ఆమె అద్దమును బావ చేతికిచ్చెను. బావ చాలసేపు చూచెను.

"ఇంత సన్న గీత నా ఇసుకలో ఎప్పుడూ రాలేదమ్మా," అనెను.

గదికి తాళము పడలేదు. అరగదీయక ఆ చక్రమును నమూనాగా బల్లపై నిలిపిరి. బొటనవేలంత విజయము దిక్కులు పిక్కటిల్ల మ్రోగెను. అప్పుడు ఆ ఈగయో, దాని చుట్టమో వచ్చి సరిగ్గా ఆ ముద్రపైనే వాలెను.

వీరుడు ఈసారి తోలలేదు.