తప్పనిసరి మనశ్శాంతి

పోలీసులకు మనశ్శాంతి లేదని ఎవరండీ అన్నది? శుభ్రంగా ఉంది! పైగా తప్పనిసరి చేశారు. లేనివాళ్లు సంజాయిషీ ఇచ్చుకోవాలి!

మా బావ హెడ్ కానిస్టేబుల్. ఆయన స్టేషన్లో ఈమధ్య నవ్వుల క్లాసు పెట్టారు. అందరూ వరసగా నిలబడాలి. పెద్దాఫీసరు విజిల్ వేస్తే నవ్వాలి, మళ్లీ వేస్తే ఆపాలి. విజిల్ తర్వాత కూడా నవ్వాడని ఒక కానిస్టేబుల్‌ని గ్రౌండు చుట్టూ పరిగెత్తించారు. క్రమశిక్షణ లేని సంతోషం సంతోషమా చెప్పండి?

ఈ క్లాసు ఎప్పుడనుకున్నారు? వారాంతపు సెలవు రోజున! ఎంత ముందుచూపు! సెలవని ఇంట్లో కూర్చుంటే పెళ్లాంతో మాట్లాడాలి, పిల్లలతో ఆడాలి, కాళ్లు చాపుకుని పడుకోవాలి. ఒక్క మనిషి ఎన్నని తట్టుకుంటాడు, పాపం!

మా బావకు మాత్రం నిద్ర పట్టడం మానేసింది. లారీ గుద్దిన పిల్లాణ్ని చేతులమీద మోసుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. గుమ్మం దాటకముందే పిల్లాడి చెయ్యి చల్లబడిపోయింది. అప్పట్నుంచి కన్ను మూస్తే ఆ చెయ్యే.

అందుకూ ఏర్పాటుందండోయ్! మనసు డాక్టరును పిలిపించారు. అంతా రహస్యమే. గదిలో డాక్టరు, బావ, పక్క కుర్చీలో పెద్దాఫీసరు. మా వాళ్ల కష్టం నేను వినకపోతే ఎవరు వింటారని ఆయన పట్టుదల.

"ఏమైనా బాధగా ఉంటుందా?" అన్నాడు డాక్టరు.

బావ పెద్దాఫీసరు వంక చూశాడు. "లేద్సార్! హాయిగా ఉన్నాన్సార్!" అని సెల్యూట్ కొట్టాడు. చూశారా, ఒక్క ప్రశ్నకే జబ్బు నయం!

మర్నాడు మధ్యాహ్నం స్టేషన్లో ఎవరూ లేరు, లాకప్‌లో ముసలి జేబుదొంగ తప్ప.

"హెడ్డుగారూ, మొహం అలా పీక్కుపోయిందేంటండీ?" అన్నాడతను.

పెద్దాఫీసరు పక్కన లేకుండా ఎవరూ అడగని మాట. బావ ఊచల దగ్గరకు స్టూలు లాక్కుని మొత్తం చెప్పేశాడు. పిల్లాడి సంగతి, చెయ్యి సంగతి, అన్నీ. దొంగ ఊచలకు ఆనుకుని అంతా విన్నాడు. చివరికి, "కాసేపు కునుకు తీయండి సార్. తాళం మీ దగ్గరేగా, నేనెక్కడికి పోతాను?" అన్నాడు. బావ గోడకు జారగిలబడి గుర్రు పెట్టాడు.

తేటపడ్డ ఆ మొహం చూసి పెద్దాఫీసరు పొంగిపోయాడు. అంతా నవ్వుల చలవేనని క్లాసు రోజూ పెట్టించాడు. ఈలోగా దొంగకు బెయిలొచ్చింది. బావ నిద్ర మళ్లీ పోయింది. చరిత్రలో దొంగ బెయిలుకు కుమిలిపోయిన పోలీసు మా బావ ఒక్కడేనేమో!

సంగతి తెలిసి మా అక్క భగ్గుమంది. "ఎవడో దొంగవెధవకి చెప్పుకున్నారు! నేను చచ్చానా? నాకు చెప్పకూడదూ?"

"నువ్వు మేలుకుని ఉండగా నేను ఇంట్లో ఎప్పుడున్నానే?" అన్నాడు బావ.



నవ్వుల క్లాసుకు నా మద్దతు ఇప్పటికీ ఉందండీ. కాకపోతే పెద్దాఫీసరు గారూ, ఒక్క వారం ఆ సెలవేదో మా అక్కకు ఇచ్చి చూడండి. ఆ పూట మా బావ కాస్త ఏడుస్తాడు. సంజాయిషీ మాత్రం అడక్కండి!