సున్నా సంవత్సరపు మనస్తత్వవేత్త

నిరుడు సెప్టెంబరులో ఇంగ్లండులోని మా హాలిఫాక్స్ పట్టణానికి ఒక మనస్తత్వవేత్త దక్కాడని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. అతను నేనే.

నేను పనిచేసే తివాచీల మిల్లు మూతపడ్డాక, యాభై రెండో ఏట, యూనివర్సిటీలో సైకాలజీ చదువుతానని దరఖాస్తు పెట్టాను. పదహారేళ్ళకే బడి మానేసినవాణ్ణి నేరుగా డిగ్రీలో కూర్చోబెట్టడానికి వాళ్ళు సాహసించలేదు. ముందు ఒక ఏడాది ఫౌండేషన్ చదవమన్నారు. అధికార భాషలో దీని పేరు సున్నా సంవత్సరం. ఇది గట్టెక్కితే మొదటి సంవత్సరంలోకి రానిస్తారు. అంటే ఇల్లింకా లేవలేదు, పునాది గొయ్యి మాత్రం తవ్వారు. ఆ గోతిలో నిలబడే నేను ఊరందరి పైకప్పులకూ మరమ్మతులు మొదలుపెట్టాను.

కొద్దిరోజులకే పబ్బులో నా పక్క కుర్చీలు ఖాళీ అయ్యాయి. పెంపుడు కుక్క పోయిందని పాత స్నేహితుడు స్టాన్ బీరు ముందు పెట్టుకుని ఏడుస్తుంటే, ఆ ఏడుపు కుక్క కోసం కాదనీ, పసితనంలో వాళ్ళమ్మ సరిగా ఎత్తుకోకపోవడం వల్ల మిగిలిపోయిన ఏడుపనీ విశదీకరించాను.

"మా అమ్మ జోలికొచ్చావంటే పళ్ళు రాలతాయిరా, క్లిఫ్!" అన్నాడు వాడు.

దీన్ని శాస్త్రంలో ప్రతిఘటన అంటారు. సరైన చోటే వేలు పెట్టానన్నమాట.

ఇంట్లోనూ నా సేవలు ఉచితమే. ఫిబ్రవరిలో నా భార్య హిలరీ ముభావంగా తిరగసాగింది. బంగాళాదుంపల తొక్క తీస్తూ తీస్తూ, కిటికీలోంచి వానను చూస్తూ ఉండిపోయేది. భర్త విద్యావంతుడవుతుంటే భార్యకు కలిగే అభద్రత ఇలాగే ఉంటుందని నిర్ధారించి, పెద్దమనసుతో క్షమించాను. అంతకన్నా పట్టించుకునే తీరిక లేదు. 'వినడం అనే కళ' మీద వ్యాసం రాయడంలో తలమునకలై ఉన్నాను.

వ్యాసం ఇచ్చేసిన మర్నాడు పక్కింటి మావిస్ గేటు దగ్గర ఆపింది.

"హమ్మయ్య, గండం గడిచింది కదూ! రొమ్ములో గడ్డ ప్రమాదమైంది కాదని డాక్టరమ్మ అనగానే, నా కారెక్కి హిలరీ ఎంత ఏడ్చిందో పాపం!"

ఏ గడ్డ? ఏ డాక్టరమ్మ? లోపలికి పరిగెత్తాను. హిలరీ టీ కాస్తోంది.

"ఇంత జరిగితే నాకో మాట చెప్పవా?"

"చెప్పాను."

"ఎప్పుడు?"

"రెండుసార్లు చెప్పాను క్లిఫ్. రెండోసారి నువ్వు తలూపుతూ రాసుకున్నావు కూడా."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. దీన్ని శాస్త్రంలో ఏమంటారో గుర్తు రాలేదు. హిలరీ నా ముందు టీ కప్పు పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"డాక్టరమ్మ ఇంకేమంది?" అన్నాను.

చెప్పింది. ఈసారి మధ్యలో అడ్డు తగల్లేదు. రాసుకోనూ లేదు.

వ్యాసానికి తరగతిలోకెల్లా ఎక్కువ మార్కులొచ్చాయి. జూన్‌లో సభ పెట్టి, విభాగాధిపతి ప్రసంగించారు: "వినడమంటే ఏమిటో మాకు క్లిఫర్డ్ గారు నేర్పారు. ఆయన చెవులు ఈ విభాగానికే అలంకారం!" ముందు వరసలో హిలరీ అందరికన్నా ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది. నన్ను సగౌరవంగా మొదటి సంవత్సరంలోకి తీసుకున్నారు.

పాఠక మహాశయులు ఇంతసేపూ తలెత్తకుండా నా గోడు చదివారు, ధన్యవాదాలు. ఇక లేచి పక్క గదిలోకి వెళ్ళండి. మిమ్మల్ని ఎవరో పిలిచి పిలిచి ఊరుకున్నారు.