ఏసీ లేని వేర్ల గది

మందుమొక్క వేరు పెరగడానికి మట్టి అక్కర్లేదని శాస్త్రం ఎప్పుడో తేల్చేసింది. గాజు సీసా, అందులో పంచదార కలిపిన పోషక ద్రవం, చుట్టూ నిలకడైన చల్లదనం ఉంటే, కాండమూ ఆకూ లేకుండా వేరొక్కటే దర్జాగా పెరుగుతుంది. చల్లదనానికి మాత్రం మరమ్మతుల అధికారి దయ ఉండాలి (ఈ సంగతి శాస్త్రం ఇంకా తేల్చలేదు).

ఒక ప్రభుత్వ పరిశోధనశాలలో, ఏసీ గదిలో ఇలా వేర్లు పెంచే పరిశోధకురాలి చిక్కల్లా, అవి మరీ దర్జాగా పెరగడమే. నొప్పి తగ్గించే పదార్థం తయారుచేయాల్సిన జన్యువులు ముసుగుతన్ని పడుకున్నాయి.

"సమీక్షలోపు మందు కనపడకపోతే గది ఖాళీ చేయాలమ్మా," అన్నారు డైరెక్టరుగారు, ఎంతో మర్యాదగా.

అంతలో ఏసీ చెడిపోయింది. ఆవిడ మరమ్మతుల అధికారి దగ్గరికి పరిగెత్తింది.

"గదిలో మనుషులుంటారా?" అని అడిగాడాయన.

"వేర్లుంటాయండీ."

"మనుషులకి ఫ్యాను, యంత్రాలకి ఏసీ. వేర్లకి నిబంధన లేదు. పైకి రాస్తాను."

పైకి వెళ్లింది కిందికి రాలేదు. గది పొయ్యిమీద పెనంలా కాలింది. పారబోసే ముందు ఒకసారి చూద్దామని పరీక్షిస్తే, జన్యువులన్నీ లేచి కూర్చున్నాయి. ప్రాణం మీదికొచ్చేసరికి వేరు మందు తయారీకి దిగింది (దీన్ని జన్యు వ్యక్తీకరణ అంటారు, ఆ కార్యాలయంలో మరెవరిలోనూ కనపడలేదు).

సమీక్షలో "ఏసీ పాడైందండీ" అని ఒక్కముక్క చెబితే సరిపోయేది. చదివిన చదువంతా గొంతుకి అడ్డంపడింది. "పథకం ప్రకారం వేర్లకి వేడి తగిలించాం," అంది గంభీరంగా. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది మరమ్మతుల అధికారి.

మర్నాడు ఆవిడ డైరెక్టరుగారి గదికి వెళ్లింది. "ఇక ఏసీ బాగుచేయించండి సార్. వేడి ఎక్కువకాలం ఉంటే వేర్లు చచ్చిపోతాయి."

"చల్లగా ఉంటే పనిచేయవని మీరే కదమ్మా కనిపెట్టారు?"

అసలు సంగతి చెప్పేద్దామని నోరు తెరిచింది. బల్లమీద, ఆవిడ పేరుతో, సంతకానికి సిద్ధంగా ప్రశంసాపత్రం ఉంది. అందులో 'దూరదృష్టి' అన్న మాట కూడా కనపడింది. తెరిచిన నోరు మెల్లగా మూసుకుని, "అలాగే సార్," అంది.

వేర్లు గోధుమరంగుకి తిరిగి, నల్లబడి, ఆఖరికి సీసా అడుగున బురదలా మిగిలాయి. ఈలోగా డైరెక్టరుగారు, చల్లగా ఉంటే ఎవరూ పనిచేయరని ఆవిడ పేరుమీదే ఉత్తర్వు జారీచేసి, మిగతా విభాగాల్లో ఫ్యాన్లు విప్పించారు. నడవాలో తోటివాళ్లు చెమట తుడుచుకుంటూ ఆవిడకి నమస్కారాలు పెడుతున్నారు. ఆ నమస్కారాల్లో ఎంత వేడి ఉందో కొలవడానికి పరికరం అక్కర్లేదు.

ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే భర్త అడిగాడు. "ఎలా ఉన్నాయి నీ వేర్లు?"

"పోయాయండీ."

"అయ్యో. మరి నీ పద్ధతి?"

"అది బాగానే వేళ్లూనుకుంది," అంది ఆవిడ, ఫ్యాను వేసుకుంటూ.