మబ్బు గారి మౌనవ్రతం

మబ్బు మౌనవ్రతం పట్టాడంటే ముందు ఎవరూ నమ్మలేదు. నమ్మనివాళ్ళను తప్పు పట్టడానికీ లేదు. న్యూ మెక్సికో కొండల కింద, తమకు తామే 'రెండో సూర్యోదయం' అని పేరు పెట్టుకున్న ఆ మట్టిమిద్దెల గుంపులో, కొత్త మాట ఏదైనా ముందు మబ్బు నోట్లోనే పుట్టేది.

అక్కడ చేరిన హిప్పీలంతా కన్నవాళ్ళు పెట్టిన పేర్లు దారిలోనే వదిలేసి వచ్చారు. సిన్సినాటిలో లెనర్డ్‌గా పుట్టినవాడు ఇక్కడికొచ్చి మబ్బు అయ్యాడు. అతని భార్య మార్జరీ పిచ్చుక అయింది. వంటశాల చూసే భారీ మనిషి పేరు గుమ్మడి. ఆ ఒక్క పేరు మాత్రం మనిషిని చూసి పెట్టిందే.

ప్రతి పనికీ మబ్బు దగ్గర ఒక మాట ఉండేది. ఆ మాట పడ్డాక ఇక ఆ పని అయ్యేది కాదు. గిన్నెలు కడగమంటే, "నీ ట్రిప్పు నా నెత్తిన పెట్టకు గురూ" అనేవాడు. ట్రిప్పు అంటే వాళ్ళ భాషలో గోల. కట్టెలు కొట్టమంటే, "ఇవాళ వైబ్స్ కుదరలేదు" అనేవాడు. మేక కూరపాదుల్లో పడి మేస్తుంటే తోలడం మానేసి, "ఎవరి దారి వాళ్ళది గురూ. ఫారౌట్! భలే!" అని చప్పట్లు కొట్టిన మహానుభావుడు.

ఆ ఏడు చలికాలం ముందు అతని మిద్దె కారడం మొదలుపెట్టింది. ఇంట్లో ఇంత చోటుండగా సరిగ్గా మంచం మీదే కారింది. పిచ్చుకకు అప్పుడు ఏడో నెల. కొండ కొమ్మున అప్పటికే మంచు తెల్లగా కనిపిస్తోంది.

"మిద్దె ఎప్పుడు బాగుచేస్తావు?" అంది పిచ్చుక.

"మిద్దె అనేది ఉత్త భావన, పిచ్చుకా."

"ఆ భావన నా ముక్కు మీద కారుతోంది."

"ప్రవాహంతో పోవాలి గురూ."

"నేను గురువును కాను, నీ పెళ్ళాన్ని. ప్రవాహం మంచం కిందనుంచే పోతోంది. దిగి ఈదు!"

మర్నాడు పొద్దున మబ్బు కంచం పట్టుకుని కూర్చుంటే అందులో ఏమీ పడలేదు.

"బీన్సు ఏవి?"

"ఇవాళ పొయ్యితో నా వైబ్స్ కుదరలేదు."

"మరి నా ఆకలి?"

"నీ ట్రిప్పు నా నెత్తిన పెట్టకు గురూ."

మబ్బు ఖాళీ కంచం కింద పెట్టేశాడు. ఏళ్ళ తరబడి సాన పెట్టుకున్న మాటలు! పెళ్ళాం వాటితోనే కొడుతుంటే ఇక మాట్లాడి లాభమేమిటి? అసలు మాట్లాడకపోతే? నోరు విప్పనివాడితో ఎవరు మాత్రం ఎంతసేపు పోట్లాడగలరు? ఈ ఆలోచనకు తనను తానే మెచ్చుకున్నాడు.

ఆ సాయంత్రం అందరూ మంట చుట్టూ చేరారు. ఆ సభలో కాకి ఈక ఎవరి చేతిలో ఉంటే వారిదే మాట. మబ్బు ఈక అందుకుని, "గురూలారా! నా లోపలి గొంతు వినాలి. వసంతం దాకా మౌనం" అన్నాడు.

"హెవీ! ఎంత లోతైన మాట!" అంటూ గుమ్మడి కళ్ళు తుడుచుకున్నాడు.

పిచ్చుక మొగుణ్ణి కాసేపు చూసి, ఎంతో తియ్యగా అడిగింది. "వసంతం దాకానా? మధ్యలో ఒక్క మాట కూడా మాట్లాడవుగా?"

మాట్లాడనని మబ్బు గంభీరంగా తల ఊపాడు. ఊపినప్పుడు సభ ఆచారం గుర్తు రాలేదు. ఈక పట్టినవారు ఒక సంగతి చెప్పి, "ఎవరికైనా కుదరలేదా?" అని అడుగుతారు. "నాకు కుదరలేదు" అని నోటితో అనాలి. అనకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. సైగలు చెల్లవు. మౌనం అర్ధాంగీకారం అంటారు మనవాళ్ళు. అక్కడ అది పూర్తి అంగీకారం. సభ తొందరగా ముగిస్తే వెళ్ళి పడుకోవచ్చని ఆ ఆచారం పెట్టించింది కూడా మబ్బే.

మర్నాటి సాయంత్రం ఈక పిచ్చుక చేతికొచ్చింది. "మేకల కొట్టం ఇక మబ్బు ఊడుస్తాడు. ఎవరికైనా కుదరలేదా?"

మబ్బు రెండు చేతులూ గాల్లో ఊపాడు.

"ఆనందం పట్టలేకపోతున్నాడు పాపం," అన్నాడు గుమ్మడి.

ఆ తర్వాత మబ్బు గిటారు అందరిదీ అయింది. వేసవిలో గుంపు వ్యాను బ్యాటరీ ఇచ్చి మరీ తెచ్చుకున్న గిటారు అది. గుమ్మడి అరటిపళ్ళంత వేళ్ళతో దాని మీద తెల్లవారకముందే సాధన చెయ్యడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత చూలు మేకకు చలేస్తోందని తేలింది. మబ్బు తోలుకోటు మేక తొడుక్కుంది. మబ్బు కంటే దానికే బాగా నప్పింది.

'బమ్మర్! నా ఖర్మ!' అన్న మాట గొంతు దాకా వచ్చేది. మింగేసేవాడు. వ్రతం వదిలేద్దామంటే పరువు అడ్డం. జన్మలో మొదటిసారి జనం అతన్ని చూసి చేతులు జోడిస్తున్నారు మరి.

ఒక రోజంతా వాన కురిసింది. సాయంత్రం తెరిపిచ్చాక పిచ్చుక ఈక అందుకుంది. ఈసారి గొంతులో వేళాకోళం లేదు.

"నాకు భయంగా ఉంది. ఆ మిద్దె కింద బిడ్డను కనలేను. రేపు వ్యానులో టొలీడోకు, మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోతాను. ఎవరి దారి వాళ్ళది కదా. ఎవరికైనా కుదరలేదా?"

ఎవరూ పలకలేదు. గుమ్మడి నేలచూపులు చూస్తున్నాడు.

మబ్బు తన మాటలన్నీ వెతుక్కున్నాడు. ప్రవాహం, ట్రిప్పు, వైబ్స్. పని చెయ్యనని చెప్పడానికి అన్నీ ఉన్నాయి గానీ, పెళ్ళాన్ని ఆపడానికి వాటిలో ఒక్కటీ లేదు. ఆమె అంటే అతనికి ప్రాణం. ఆ సంగతి ఎన్నడూ సూటిగా చెప్పిన పాపాన పోలేదు.

"నాకు కుదరలేదు!" అని అరిచాడు. ఇన్నాళ్ళ మౌనానికి గొంతు బొంగురుపోయింది. "వెళ్ళకు మార్జరీ. నువ్వు లేకపోతే నేను ఉండలేను. పొద్దున్నే మిద్దె ఎక్కుతాను. ఒట్టు!"

పిచ్చుక ఈక అతని ఒళ్ళో పడేసి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "ఆ ముక్క మొదటే అనుంటే మేకకు కోటు దక్కేది కాదుగా!"

పొద్దున్నే మబ్బు మిద్దె ఎక్కాడు. తారు కాగితం పరిచి, గుమ్మడి కిందనుంచి అందిస్తున్న మట్టి మెత్తుతూ, చలికి వణుకుతున్నాడు. కింద మేక కోటు వేసుకుని షికారు చేస్తోంది. దాని వెనకే వ్యాను కనిపించింది. స్టీరింగు మీద కోడిపెట్ట కూర్చుని ఉంది. మబ్బు చెయ్యి మట్టిలోనే ఆగిపోయింది.

"పిచ్చుకా! ఆ వ్యానుకు బ్యాటరీ లేదు కదా!"

"ఎలా ఉంటుంది? నువ్వే ఇచ్చేశావుగా."

"మరి రాత్రి ఒక్కరూ ఆ మాట అనలేదే!"

గుమ్మడి దగ్గు తెచ్చుకుని అటు తిరిగాడు.

"టొలీడోకు ఎలా వెళ్దామనుకున్నావు?" అన్నాడు మబ్బు.

"ప్రవాహంతో పోదామనుకున్నా గురూ," అంది పిచ్చుక. ఆపైన పొట్ట మీద చెయ్యి వేసుకుని, "భయం మాత్రం నిజమే," అంది.

మబ్బు ఖాళీ బకెట్టు కిందికి దించి, ఇంకాస్త మట్టి అడిగాడు.