తనంతట తానే ఆగిపోవు నిబంధన

ఇంట్లోని వైర్‌లెస్ ప్రింటరు ఐదు నిమిషాలు పనీపాటా లేకుండా కూర్చున్నట్లయితే తనంతట తానే ఆగిపోవలెనని సూపరింటెండెంటు గారు ఉత్తర్వు జారీ చేశారు. ఉత్తర్వు భోజనాల బల్ల దగ్గర మౌఖికంగా వెలువడింది. హాజరైనవారు భార్య, కూతురు. అభ్యంతరాలు తెలుపుకోవడానికి గడువు కూడా ఇచ్చారు. వాళ్ళు చేతులు కడుక్కుని వచ్చేలోపు అది ముగిసింది.

ఆయన ఒక పెద్ద కార్యాలయంలో సూపరింటెండెంటు. అక్కడ ఏసీ ఎంత ఘనంగా పనిచేస్తుందంటే, గుమాస్తాలు స్వెట్టర్లు తొడుక్కుని, అప్పటికీ వణుకు తగ్గక కిటికీలు తెరుచుకుని కూర్చుంటారు. వరండాలో దీపాలు పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటాయి. ఆ స్విచ్చులు వేరే విభాగం కిందికి వస్తాయి కనుక వాటిని ముట్టుకునే దురలవాటు ఆయనకు లేదు. అయితే బాధ్యత గల పౌరుడన్నాక ఎక్కడో ఒకచోట కరెంటు పొదుపు చేయక తప్పదు కదా. ఆయన ఇంటిని ఎంచుకున్నారు. ఇంట్లో ప్రింటరును ఎంచుకున్నారు.

నిజానికి ఆ ప్రింటరు ఏ పాపం ఎరగదు. పని లేనప్పుడు స్లీప్ మోడ్‌లోకి పోయి, ఒక చిన్న లైటు వెలిగించుకుని, చీమంత కరెంటుతో కునుకు తీసేది. కూతురు పక్క గదిలోంచి ఫోనులో నొక్కితే చాలు, లేచి ప్రింటు తీసిచ్చేది. ఆ చిన్న లైటే ఆయన కంట్లో నలుసైంది.

"పని చెయ్యకుండా లైటేసుకుని కూర్చోవడమేంటి? ఇదేమన్నా మా ఆఫీసా?" అన్నారు.

సెట్టింగుల్లోకి వెళ్ళి ఆటో ఆఫ్ పెట్టారు. ప్రింటరు ఆగలేదు. దాంతో పాటు వచ్చిన చిన్న అక్షరాల పుస్తకం తిరగేస్తే, వైఫైకి కలిసి ఉన్నంతకాలం ఎప్పుడు పిలుపు వస్తుందో తెలియదు గనుక ఆటో ఆఫ్ పనిచేయదని రాసి ఉంది. ఇంకొకరైతే అక్కడితో ఊరుకునేవారు. ఆయన వైఫై తీసేశారు. వైర్‌లెస్ ప్రింటరుకు ఒక వైరు కొనుక్కొచ్చి తగిలించారు. దానితో ఆటో ఆఫ్ దివ్యంగా పనిచేయసాగింది. అయినా మనసొప్పక గోడ మీద స్విచ్ కూడా ఆపేసి, దానికి టేపు అంటించి, సెట్టింగులకు తనకొక్కడికే తెలిసిన పాస్‌వర్డు పెట్టుకున్నారు.

ఆనాటి నుంచి ప్రింటు కావలసినవారు ఆయనకు విన్నవించుకోవాలి. ఆయన అవసరం విచారించి, టేపు ఊడదీసి, స్విచ్ వేస్తారు. అప్పుడా యంత్రం గుర్రుమంటూ, కటకటలాడుతూ చాలాసేపు తన పని తాను చూసుకుంటుంది. పూర్తిగా ఆరిపోయి లేచినప్పుడల్లా ఇంకుతో గొంతు కడుక్కోవడం దాని అలవాటు.

"ఏమండీ, లేచినప్పుడల్లా ఇంకంతా అదే తాగేస్తున్నట్టుందండీ," అంది భార్య.

"ఇంకు సంగతి వేరు, కరెంటు సంగతి వేరు. ఇప్పుడు మనం చూస్తున్నది కరెంటు," అన్నారాయన. రెండు ఫైళ్ళను కలిపి చూడటం ఆయన సర్వీసులోనే లేదు.

ఇంత త్యాగం ఎన్నాళ్ళు దాగుతుంది? కాలనీ సంఘం కార్యదర్శి చెవిన పడింది. 'విద్యుత్ పొదుపు శిరోమణి' అనే బిరుదు ఒకటి అప్పటికే తయారై, తగిన మనిషి కోసం ఎదురుచూస్తూ ఉంది. సన్మానం ఖాయమైంది.

సన్మానం రోజు ఉదయమే కూతురికి పని పడింది. ఆమె పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తుంది. అంటే, వేయాలని ఆశ. ఒక ప్రచురణకర్త వాన మీద ఒక కథ ఇచ్చి, బొమ్మలు వేసి, కాగితం మీద ప్రింటు తీసి, కార్యాలయం తెరిచేసరికి తెమ్మన్నాడు. గోడల మీద గీసి తిట్లు తిన్న వయసు నుంచి ఆమె కలలు కన్న అవకాశం అది.

"నాన్నా, కాస్త ప్రింటరు వెయ్యవా? ఆలస్యమైతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తారట."

ఆయన ఒక చెంప గీసుకుని, రెండో చెంప మీద నురగతోనే వచ్చారు. ఎన్ని పేజీలని అడిగారు. రంగులు అవసరమా, నలుపుతో సరిపెట్టుకోలేవా అని అడిగారు. విచారణ సక్రమంగా ముగిశాక స్విచ్ వేశారు. ప్రింటరు ఎప్పటిలాగే గొంతు కడుక్కుంది. అడుగున మిగిలిన ఆ కాస్త నీలం ఇంకూ అందులోనే పోయింది.

బొమ్మలు వచ్చాయి. ఆకాశం తెల్లగా ఉంది. చెట్లు పసుప్పచ్చగా ఉన్నాయి. గొడుగు పట్టుకున్న పాప ఎందుకు పట్టుకుందో ఎవరికీ తెలియదు.

"నాన్నా, ఇది వాన కథ. ఇందులో వానే లేదు," అంది కూతురు.

ఆయన గుండె ఒక్క క్షణం కలుక్కుమంది. అంతలో మీటరు గుర్తొచ్చి కుదుటపడింది.

ఆమె వీధి చివరి దుకాణానికి పరుగెత్తింది. పొద్దస్తమానం వేసే ఉంచిన యంత్రంలోంచి వాన చక్కగా కురిసింది. దాన్ని గుండెకు హత్తుకుని ప్రచురణకర్త దగ్గరికి వెళ్ళేసరికి, "మీరు రారేమో అనుకున్నామమ్మా, ఇంకొకరికి ఇచ్చేశాం," అన్నారు.

సన్మానం మిట్టమధ్యాహ్నం జరిగింది. ఎండ పడితే దీపాల అందం తెలియదని హాలు కిటికీలకు మందపాటి తెరలు దించి, పైనున్న బల్బులన్నీ వెలిగించారు. ఖాళీ కుర్చీల మీద కూడా ఫ్యాన్లు తిరిగాయి. కార్యదర్శి శిరోమణిని పొగిడాడు. శిరోమణి కార్యదర్శిని పొగిడారు. పిమ్మట మైకు సవరించుకుని, "పొదుపు అనేది ఇంటి నుంచే మొదలవ్వాలి! ఈ ఉదయం మా అమ్మాయి కూడా తన వంతు త్యాగం చేసింది!" అన్నారు. సభ చప్పట్లతో మారుమోగింది.

అంతలో దీపాలు ఆరిపోయాయి. ఫ్యాన్లు ఆగిపోయాయి. మైకు మూగబోయింది.

"ఎవరా స్విచ్ ముట్టుకుంది?" అని చీకట్లో శిరోమణి అరిచారు.

వెనక గోడ దగ్గర ఒక తెర పక్కకు జరిగింది. హాలుకంతటికీ సరిపడా ఎండ లోపలికొచ్చింది. మెయిన్ స్విచ్ పక్కనే కూతురు నిలబడి ఉంది.

"నేనే నాన్నా. ఐదు నిమిషాల నుంచి ఇక్కడ ఎవరూ పనికొచ్చే మాట మాట్లాడలేదు. నీ నిబంధనే అమలు చేశాను."

ఆ వెలుతురులో అందరి ముఖాలూ అందరికీ స్పష్టంగా కనిపించాయి. అదే ఎవరికీ నచ్చలేదు. పెద్దల పట్ల గౌరవం లేని పిల్ల అని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. తెర దించారు, దీపాలు వేశారు, ప్రసంగం ఆగినచోట నుంచి మళ్ళీ మొదలైంది. మనమూ అక్కడే ఉన్నాం కదా. ఫ్యాను గాలి తగలగానే అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది మనమే.